శాంతి ప్రసంగాలను, రచనలను వెతికి పట్టుకోవడం ఎలా: తిరుపతి, చిత్తూరు పాఠకుల కోసం

సెప్టెంబరు నెల సగానికి రాగానే తిరుపతిలో మా ఇంటికి విద్యార్థుల రాకపోకలు పెరుగుతాయి. ఆ నెల 21న అంతర్జాతీయ శాంతి దినం, ఆ తరువాత పదకొండు రోజులకే గాంధీ జయంతి. ఈ రెంటి మధ్య పాఠశాలల్లోను, కళాశాలల్లోను వక్తృత్వ పోటీలు, వ్యాసరచన పోటీలు జరుగుతుంటాయి. వచ్చిన ప్రతివారూ అడిగేది ఒక్కటే: "సార్, శాంతి గురించి మంచి మాటలు నాలుగు చెప్పండి." చాలా ఏళ్లపాటు నేను ఆ నాలుగు మాటలే చెప్పి పంపాను. ఇప్పుడు చెప్పడం లేదు. మాటలు ఇవ్వడానికి బదులు, వాటిని ఎక్కడ, ఎలా వెతకాలో కూర్చోబెట్టి చెబుతున్నాను. ఈ వ్యాసంలో రాస్తున్నది కూడా అదే.

ఈ మార్పుకు ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక పోటీలో నా విద్యార్థిని "కంటికి కన్ను అంటూ పోతే లోకమంతా గుడ్డిదవుతుంది" అన్న వాక్యాన్ని గాంధీ మాటగా చెప్పింది. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన, ఆమెను తప్పుపట్టే ఉద్దేశంతో కాకుండా నిజంగా తెలుసుకోవాలనే, గాంధీ ఈ మాటను ఎప్పుడు, ఎక్కడ అన్నారని అడిగారు. ఆ అమ్మాయి మౌనంగా నిలబడిపోయింది. ఆ వాక్యం రాసి ఇచ్చింది నేనే కనుక ఆ మౌనం నాకు ఈనాటికీ బాధగానే ఉంది. తరువాత శ్రద్ధగా వెతికితే తెలిసింది ఏమిటంటే, గాంధీ సమగ్ర రచనల్లో ఆ వాక్యం ఎక్కడా దొరకదు. "శాంతికి వేరే దారి లేదు, శాంతే దారి" అన్నది కూడా ఆయనది కాదు. అది అమెరికాకు చెందిన శాంతివాది ఎ. జె. మస్టీ మాట. "నీవు కోరే మార్పు నీవే కావాలి" అన్న మాట కూడా ఆ రూపంలో ఆయన రచనల్లో కనబడదు.

ఆ అనుభవం నుంచి నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: శాంతిని కోరే ప్రసంగానికి బలం అందులోని అందమైన వాక్యం వల్ల రాదు, దానిని ఏ గడియలో, ఎవరి ఎదుట నిలబడి, ఏమి పోగొట్టుకోవడానికి సిద్ధపడి చెప్పారో దాని వల్ల వస్తుంది. కాబట్టి వెతకవలసింది విడి వాక్యాలను కాదు, మొత్తం ప్రసంగాన్ని. దానితోపాటు తేదీని, స్థలాన్ని, ఎదుట కూర్చున్నవారిని, ఆ మాటల తరువాత జరిగినదానిని.

ముందుగా ఏ శాంతి కావాలో తేల్చుకోవడం

తెలుగులో "శాంతి" అని మాత్రమే రాసి అంతర్జాలంలో వెతికితే మొదట వచ్చేవి గ్రహశాంతి, నక్షత్రశాంతి, వాటికి చేయించవలసిన పూజల వివరాలు. మన భాషలో శాంతి అన్న మాట మనసు నెమ్మదికీ, దోష నివారణకూ, యుద్ధం ఆగడానికీ కూడా చెల్లుతుంది కనుక ఇలా జరగడం సహజమే. అందువల్ల మీకు కావలసినది ఏదో ముందుగా తేల్చుకుని, దానికి తగిన మాటతో వెతకాలి. రెండు పక్షాల మధ్య ఒప్పందం గురించి అయితే "సంధి", "రాయబారం", "సయోధ్య". మతాల మధ్య, కులాల మధ్య బతుకు గురించి అయితే "సామరస్యం", "సహనం". పోరాట పద్ధతి గురించి అయితే "అహింస", "సత్యాగ్రహం". మనిషి లోపలి కోపం గురించి అయితే "క్షమ", "మైత్రి", "కరుణ". వెతుకుతున్న మాటకు పక్కన వక్త పేరునో, ఊరి పేరునో, సంవత్సరాన్నో చేర్చితే ఫలితాలు ఎంతో మెరుగుపడతాయి.

ఎవరి కోసం వెతుకుతున్నారన్నది కూడా ముఖ్యమే. ఏడవ తరగతి పిల్లవాడు మూడు నిమిషాలు మాట్లాడటానికి కావలసినదీ, గ్రామంలో రెండు వర్గాల మధ్య గొడవ చల్లారిన తరువాత పెద్దలు సభలో చదవడానికి కావలసినదీ ఒకటి కావు. రెండవ సందర్భంలో దూరదేశపు ప్రముఖుల మాటల కన్నా అందరికీ వినికిడి ఉన్న ఒక్క పద్యం ఎక్కువ పని చేస్తుంది.

దగ్గరి నుంచి మొదలుపెట్టడం

ఆ పద్యాలు మనకు కొరత కాదు. చిత్తూరు, పుత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర వేసవిలో భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, అర్జునుడి తపసు మాను, చివరన దుర్యోధన వధ, అగ్నిగుండం. ఇవన్నీ ఈ ప్రాంతంలో పెరిగినవారికి ఎవరూ వివరించనక్కరలేదు. ఆ భారతంలో కృష్ణ రాయబారం ఘట్టం ఉంటుంది. తెలుగువారికి దొరికే శాంతి ప్రసంగాలలో మొదటి స్థానం దానిదే అని నా నమ్మకం. తపసు మాను చూడటానికీ, గుండం తొక్కడం చూడటానికీ వెళ్లే మనం రాయబారం నాటి రాత్రి ఇంట్లో నిద్రపోతుంటాం. ఈసారి ఆ రాత్రి వెళ్లి కూర్చోండి. మరునాడు హరికథ చెప్పే భాగవతారును అడిగితే తాము పాడిన పద్యాలు ఏ గ్రంథంలోవో వారు చెబుతారు. వారి నోటితో వినడం, తరువాత అచ్చులో చదవడం, ఈ రెండూ కలిస్తే పద్యం మనసులో నిలిచిపోతుంది.

రంగస్థలం మీద పాడే "చెల్లియో చెల్లకో తమకు చేసిన యెగ్గులు సైచిరందరున్" అన్న పద్యం తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలోనిది. (ఆ జంటలో తిరుపతి అన్నది కవి దివాకర్ల తిరుపతి శాస్త్రి పేరే గాని మన ఊరి పేరు కాదు, పిల్లలు తరచుగా పొరబడతారు.) ఈ పద్యాన్ని వక్తృత్వ పాఠంగా చదవాలి. కృష్ణుడు మొదట పాండవులు పడిన కష్టాలను ఒక్క ముక్కలో ప్రస్తావించి, గడిచింది గడిచిపోయిందని దానిని పక్కన పెడతాడు, తాను దూతగా, సంధి కోసం వచ్చానని చెబుతాడు, ఆ తరువాత "నీ పిల్లలు పాపలు, ప్రజలు" అంటూ ఎదుటివాడి ఇంటివారి మేలు గుర్తుచేస్తాడు, చివరికి "ఎల్లి రణంబె గూర్చెదవొ? యేర్పడ జెప్పుము కౌరవేశ్వరా" అని తేల్చి అడుగుతాడు. నాలుగు పాదాల్లో ఇంత క్రమం ఉంది. శాంతిని అడిగేవాడు బతిమాలనక్కరలేదని, భయపెట్టనూ అక్కరలేదని ఈ పద్యం వింటే తెలుస్తుంది.

దీని మూలానికి వెళ్లదలచినవారు తిక్కన ఉద్యోగపర్వం తీయాలి. కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రతిపదార్థ తాత్పర్యాలతో ప్రచురించారు. తిరుపతిలో ఉన్నవారికి ఆ సంపుటాలను చూడటం కష్టమైన పని కాదు. అయితే రాయబారాన్ని మాత్రమే చదివి ఆపవద్దు. కృష్ణుడు బయలుదేరే ముందు ద్రౌపది మాట్లాడుతుంది. "వరమున బుట్టితిన్, భరతవంశము జొచ్చితి" అని మొదలుపెట్టి, తనకు నిండు సభలో జరిగినది తలచుకోకుండా అందరూ సంధి అంటున్నారేమని నిలదీస్తుంది. శాంతి వద్దన్న ఆ మాటలు చదవకపోతే, ఐదూళ్లు ఇచ్చినా చాలునన్న ధర్మరాజు మాట ఎంత ఖరీదైనదో అర్థం కాదు. అన్యాయానికి గురైనవారు వేసే ప్రశ్నకు సమాధానం చెప్పని శాంతి ప్రసంగం ఎంత ఇంపుగా ఉన్నా దానిని నేను నా పుస్తకంలో ఎక్కించుకోను. రాయబారం విఫలమైంది కదా, దానిని ఆదర్శంగా ఎలా చెబుతామని ఒక తండ్రి నన్ను అడిగారు. ముందుకు పోతే మీకే కనబడుతుంది: లోకంలో గొప్పవిగా నిలిచిన శాంతి ప్రసంగాలలో చాలా వాటిని ఓడిపోతున్న రోజునే చెప్పారు.

రాయలసీమలోనే, గుత్తికి సమీపాన ఎర్రగుడి దగ్గర అశోకుని శాసనాలు ఉన్నాయి. వాటిలో పదమూడవ శిలాశాసనం కళింగ యుద్ధం గురించినది. లక్ష మంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, అందుకు తాను పశ్చాత్తాపపడుతున్నానని గెలిచిన రాజే రాయించాడు. ఆ శాసనం కళింగ దేశంలోనే ఉన్న ధౌలి, జౌగడలలో లేదు. ఓడిన ప్రజల ఎదుట ఆ మాట చెక్కించకుండా మిగిలిన చోట్ల చెక్కించాడు. అదే శాసనంలో అడవి జాతులకు ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ రెండు విషయాలూ తెలిసినవారు అశోకుని గురించి మాట్లాడితే, "యుద్ధం మాని బౌద్ధం స్వీకరించాడు" అన్న పాఠ్యపుస్తకపు వాక్యం కన్నా లోతుగా మాట్లాడగలరు.

అన్నమయ్య సంకీర్తనల్లో "బ్రహ్మమొక్కటే" అందరికీ తెలుసు. రాజు నిద్రా, బంటు నిద్రా ఒకటేనన్న ఆ చరణాన్ని సమానత్వం గురించి చెప్పేటప్పుడు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. గురజాడ "అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నియు మెలగవలెనోయ్" అన్న పాదం కూడా అలాంటిదే.

ఇక మదనపల్లె. మన జిల్లాల విద్యార్థులు దీనిని వదిలిపెట్టడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో బస చేసి, జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ తరువాత రెండు నెలలైనా తిరగకుండా, ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ జరిగింది. మే నెలాఖరున ఆయన వైస్రాయికి ఉత్తరం రాసి, తనకిచ్చిన సర్ బిరుదును వదులుకున్నారు. ఆ ఉత్తరం చిన్నది, అంతర్జాలంలో సులువుగా దొరుకుతుంది. మదనపల్లెలో పాడిన పాటనూ, ఆ ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే మనిషి ఒకే సంవత్సరంలో సామరస్యాన్నీ, నిరసననూ ఎలా పలికాడో తెలుస్తుంది.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. రిషి వ్యాలీ విద్యాసంస్థకు మూలపురుషుడు ఆయనే. ఐక్యరాజ్యసమితి 1984లో ఆయనకు శాంతి పతకం ఇచ్చింది, 1985 ఏప్రిల్‌లో ఆయన అక్కడ ప్రసంగించారు. యుద్ధం అనేది మన రోజువారీ బతుకే రక్తంతో బయటపడిన రూపమని ఆయన మాటల సారం. దీనిని మూడు నిమిషాల ప్రసంగంలో ఇమడ్చడం కష్టం. కాని పెద్దలు చదివే వర్గానికి, ఉపాధ్యాయులకు నేను మొదట సూచించేది ఆయన ప్రసంగాలనే. వాటిలో చాలా భాగం ధ్వని రూపంలోను, దృశ్య రూపంలోను ఆయన పేరున ఉన్న అధికారిక వెబ్‌సైటులో ఉన్నాయి.

తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు 1961లో జర్మనీ పుస్తక వ్యాపారుల సంఘం తమ శాంతి బహుమతిని ఇచ్చిందన్న సంగతి ఈ ఊళ్లో చాలామందికి తెలియదు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆయన గురించి ఎన్నో చెబుతాం గాని ఈ మాట చెప్పం. తిరుపతిలో పూర్ణకుంభం కూడలిలో విగ్రహమై నిలిచిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1966 అక్టోబరులో ఐక్యరాజ్యసమితిలో కచేరీ చేస్తూ, కంచి పరమాచార్యులు ఆ సందర్భానికే రచించిన "మైత్రీం భజత" పాడారు. యుద్ధాన్ని విడువమని, ఇతరుల మీద ఆక్రమణ మానమని అందులో స్పష్టంగా ఉంది. సంస్కృతం రాకపోయినా అర్థం తెలుసుకుని వినవలసిన రచన అది.

గ్రంథాలయంలో వెతికే పద్ధతి

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయమైనా, చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయమైనా, మీ ఊరి శాఖా గ్రంథాలయమైనా, "శాంతి మీద పుస్తకాలు ఉన్నాయా?" అని అడిగితే సాధారణంగా లేవనే జవాబు వస్తుంది. పుస్తకాలు లేక కాదు. అవి ఆ పేరు కింద ఉండవు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ దశాంశ పద్ధతి పాటించే చోట ప్రసంగ సంకలనాలు 808.85 దగ్గర, అంతర్జాతీయ శాంతికి సంబంధించినవి 327.172 దగ్గర, అహింస గురించినవి 303.61 దగ్గర, తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటాయి. జీవిత చరిత్రల అరను తప్పక చూడాలి, ఎందుకంటే ప్రసంగం వెనుక ఉన్న సందర్భం దొరికేది అక్కడే. పాత పత్రికల బైండు సంపుటాలు ఉంటే 1948 ఫిబ్రవరి నెలవి అడిగి తీయించుకోండి. గాంధీ మరణించిన వారంలో తెలుగువారు ఏమి రాసుకున్నారో చదవడం కన్నా మంచి పాఠం ఉండదు.

దూరపు గొంతులు

గాంధీ సమగ్ర రచనలు ఇంగ్లీషులో 100 సంపుటాలు. సబర్మతి ఆశ్రమ ట్రస్టు నడిపే గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో వాటిని ఉచితంగా చదవవచ్చు. అవి కాలక్రమంలో ఉన్నాయి గనుక, విషయంతో కాకుండా తేదీతో వెతకడం మంచిది. ముద్రణను బట్టి సంపుటం సంఖ్యలు మారవచ్చు గాని తేదీ మారదు. మొదటిసారి చదివేవారు 1948 జనవరి 13 నుంచి 18 వరకు, ఢిల్లీలో మతకలహాలు ఆగాలని ఆయన చేసిన చివరి నిరాహారదీక్ష రోజుల ప్రార్థనా ప్రసంగాలతో మొదలుపెట్టవచ్చు. ప్రతి సాయంత్రం గొంతు నీరసిస్తూ, మాట మాత్రం మెత్తబడకుండా సాగడం ఆ పేజీల్లో కనిపిస్తుంది.

నాకు అంతకన్నా దగ్గరైనది మరొకటి ఉంది. 1947 నవంబరు 12న గాంధీ ఢిల్లీలోని ఆకాశవాణి కేంద్రానికి స్వయంగా వెళ్లి మాట్లాడారు. ఆయన ఆ కేంద్రానికి వెళ్లింది ఆ ఒక్కసారే. ఆ రోజు శ్రోతలు దేశ విభజనలో ఇళ్లు వదిలి వచ్చి శిబిరంలో తలదాచుకున్న శరణార్థులు. ఆ శిబిరం ఉన్నది కురుక్షేత్రంలో. రాయబారం విఫలమైన తరువాత సేనలు మోహరించిన చోటనే తలదాచుకుని ఉన్న, దాయాదుల కలహంలో సర్వమూ పోగొట్టుకున్నవారిని ఉద్దేశించి ఒక ముసలి మనిషి మైకు ముందు కూర్చున్నాడు. చిత్తూరు జిల్లా పల్లెలో భారతం విని పెరిగిన పిల్లవాడికి ఈ సంగతి చెప్పి చూడండి. గాంధీ గురించి ఇక వేరే పరిచయం అక్కరలేదు.

నోబెల్ శాంతి బహుమతి గ్రహీతల ప్రసంగాలు నోబెల్ సంస్థ వెబ్‌సైటులో సంవత్సరాల వారీగా ఉన్నాయి. అక్కడ కొందరి విషయంలో ఒక తేడా గమనించాలి: బహుమతి అందుకునేటప్పుడు చెప్పేది చిన్న అంగీకార ప్రసంగం, దానికి వేరుగా ఇచ్చేది నోబెల్ ఉపన్యాసం. మార్టిన్ లూథర్ కింగ్ విషయంలో మొదటిది 1964 డిసెంబరు 10న, రెండవది మరునాడు జరిగాయి. పోటీ కోసం మొదటిది, అధ్యయనం కోసం రెండవది తీసుకోవాలి. 2014లో కైలాష్ సత్యార్థితో కలిసి బహుమతి అందుకున్నప్పుడు మలాలా వయసు 17 ఏళ్లు. ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఆమె ప్రసంగం తమ ఈడు అమ్మాయి మాటగా సులభంగా అందుతుంది.

కింగ్ పేరు చెప్పగానే అందరూ 1963 ఆగస్టు నాటి "నాకొక కల ఉంది" దగ్గరికి వెళతారు. అది చదవండి, కాని అక్కడ ఆగవద్దు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో బర్మింగ్‌హాం జైలు నుంచి ఎనిమిది మంది మతాచార్యులకు ఆయన రాసిన ఉత్తరం ఉంది. ఉద్యమం ఆపి ఓపిక పట్టమన్న ఆ పెద్దలకు, ఉద్రిక్తత లేకపోవడం ఒక రకం శాంతి, న్యాయం ఉండటం మరొక రకం శాంతి అని విడదీసి చెప్పారు. ద్రౌపది వేసిన ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చిన జవాబుగా నేను దీనిని చదువుకుంటాను. మరొకటి, 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా చేసిన ప్రసంగం. ఆ వారంలోనే అమెరికాలోని ప్రముఖ పత్రికలు ఆయనను విమర్శించాయి. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1968 ఏప్రిల్ 4న, ఆయనను కాల్చి చంపారు.

యునెస్కో నిబంధనావళి పీఠిక (1945), అణుయుద్ధ ప్రమాదం గురించి రసెల్, ఐన్‌స్టీన్‌ల ప్రకటన (1955), గాంధీ మరణించిన రాత్రి నెహ్రూ రేడియో ప్రసంగం, ఇవి మూడూ చిన్నవి, పూర్తిగా చదవదగినవి.

గొంతు వినాలనుకునేవారికి ఒక హెచ్చరిక. వివేకానందుడు 1893లో చికాగోలో చేసిన ప్రసంగం అంటూ ప్రచారంలో ఉన్న ధ్వని ముద్రికలు ఆయనవి కావు; ఆ ప్రసంగానికి అసలైన రికార్డింగు లేదు. అచ్చులో ఉన్నది చదవండి. సెప్టెంబరు 11 నాటి తొలి పలుకులు ఐదు నిమిషాల్లో పూర్తవుతాయి, కాని కలహం వద్దు, సామరస్యం కావాలన్న స్పష్టమైన పిలుపు 27వ తేదీ ముగింపు సభలో ఉంది. దానిని ఎవరూ చదవరు. గాంధీ గొంతు మాత్రం నిజంగానే దొరుకుతుంది. 1947 ఏప్రిల్ 2న ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశంలో ఆయన ఇంగ్లీషులో మాట్లాడిన రికార్డింగు ఉంది, ప్రార్థనా ప్రసంగాలను ఆకాశవాణి భద్రపరిచింది.

పాత తెలుగు పుస్తకాలు వెతికేవారు తెలుగు వికీసోర్స్‌ను, ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను చూడాలి. రెండవదానిలో స్కాన్ చేసిన పుస్తకాల పేర్లను చాలావరకు ఇంగ్లీషు అక్షరాలతో, ఒక పద్ధతి లేకుండా నమోదు చేశారు కనుక, "ఉద్యోగ" అన్న ఒక్క మాటనే మూడు నాలుగు విధాలుగా రాసి ప్రయత్నించాలి.

నిర్ధారణ, అనువాదం, హక్కులు

వాట్సాప్‌లో వచ్చిన సూక్తిని వాడే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఎప్పుడు అన్నారు, ఎక్కడ అన్నారు, ఎవరితో అన్నారు. మూడింటికీ జవాబు దొరికితే వాడండి. ఒక్కదానికైనా జవాబు దొరకకపోతే, మాట ఎంత బాగున్నా, పెద్దవారి పేరు తగిలించకండి. సొంత మాటగా చెప్పగలిగితే చెప్పండి, లేకపోతే వదిలేయండి.

ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగు చేసేటప్పుడు మాటకు మాట పెట్టకుండా, ఒక పేరా చదివి, పుస్తకం మూసి, ఆ విషయాన్ని అమ్మకు చెప్పినట్టు పైకి చెప్పి, దానిని రాసుకోవాలి. తరువాత మూలంతో పోల్చి పొరపాట్లు దిద్దుకోవాలి. వక్త సంధి గురించి మాట్లాడిన చోట మీరు మనశ్శాంతి అని రాస్తే ప్రసంగం అర్థమే మారిపోతుంది కనుక, శాంతి అన్న మాట వచ్చిన ప్రతిసారీ ఆగి ఆలోచించాలి.

కరపత్రంగానో పుస్తకంగానో అచ్చు వేయదలిస్తే హక్కుల సంగతి చూడాలి. మన దేశ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లపాటు హక్కులు ఉంటాయి. గాంధీ, ఠాగూర్, గురజాడ, తిరుపతి వేంకట కవుల రచనలకు ఆ గడువు దాటింది. 1986లో మరణించిన కృష్ణమూర్తి రచనలకు దాటలేదు. పాతదైనా కొత్త అనువాదం ఉంటే అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది.

చేతిరాత పుస్తకం

దొరికిన ప్రతి ప్రసంగానికీ రెండు పేజీలు కేటాయించి ఒక నోటు పుస్తకం పెట్టుకోమని నా దగ్గరికి వచ్చిన వారందరికీ చెబుతాను. ఎడమ పేజీలో తేదీ, ఊరు, వినడానికి వచ్చినవారు, అంతకు ముందు నెలలో జరిగినది, ఆ తరువాత జరిగినది. కుడి పేజీలో ఆ ప్రసంగంలో మీకు నచ్చిన ఒక్క పేరా, పూర్తిగా, చేతిరాతతో, ఎక్కడి నుంచి తీసుకున్నారో పేజీ సంఖ్యతో సహా. ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడం దీనికి సాటిరాదు. రాస్తున్నప్పుడే వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో చేతికి తెలుస్తుంది. పది ప్రసంగాలు చేరేసరికి మీకు తెలియకుండానే ఎడమ పేజీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలుపెడతాయి.

పోటీకి రెండు వారాల వ్యవధి ఉన్నవారు మొదటి వారం అంతా వెతకడానికి, ఎడమ పేజీలు నింపడానికి కేటాయించి, ఆ వారం చివర ఒక్క ప్రసంగాన్ని మాత్రమే ఎంచుకోవాలి. రెండవ వారం రోజుకు రెండుసార్లు ఆ పేరాను పైకి చదవాలి, ఇంట్లో ఎవరైనా వింటూ ఉంటే మరీ మంచిది. వేదిక మీద మొదట ఎడమ పేజీలోని సంగతి చెప్పి, అంటే ఆ రోజు ఎవరు ఎవరి ఎదుట ఎందుకు నిలబడ్డారో చెప్పి, ఆ తరువాతే వారి మాటలు చెప్పాలి. ఆనాడు మౌనంగా నిలబడిపోయిన అమ్మాయి మరుసటి సంవత్సరం కురుక్షేత్రం శిబిరంతో ప్రసంగం మొదలుపెట్టింది; అడిగితే చెప్పడానికి తేదీ ఆమె దగ్గర సిద్ధంగా ఉంది.